ట్రేడింగ్ నుంచి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌కు: ఎందుకు, ఎప్పుడు, ఏ దారిన?

పెద్ద బ్యాంకుల్లో సేల్స్ అండ్ ట్రేడింగ్ విభాగంలో చేరిన కుర్రకారులో చాలామందికి రెండో ఏడు తిరిగేసరికి ఒక సందేహం మొదలవుతుంది: ఇక్కడే ఉండిపోవాలా, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌కు మారిపోవాలా? రెండు విభాగాలవాళ్లకూ జీతమిచ్చే బ్యాంకు ఒకటే. క్యాంపస్‌లో ఎంపిక చేసిన వారం కూడా ఒకటే అయివుంటుంది. కానీ ఒకచోట అయిదేళ్లు పండినవాడికి రెండోచోట కొత్తగా చేరినవాడి పాటి విలువ కూడా దక్కకపోవచ్చు. అందువల్ల ఈ ప్రశ్నకు గడువుంది. తీరిగ్గా తేల్చుకుందాంలే అనుకుంటే అది తనంతట తానే తేలిపోతుంది.

ఈ మార్పు గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చదువుకు సంబంధించినవే. అకౌంటింగ్ నేర్చుకో, ఎక్సెల్ మోడళ్లు కట్టడం నేర్చుకో, అటువైపున్న సీనియర్లకు ఫోన్లు చెయ్యి అంటారు. అవి అవసరమే గాని, కొన్ని నెలల్లో అయ్యే పనులు. అసలు ఖర్చు మరోచోట ఉంది. ట్రేడర్ పనికి ప్రతి సాయంత్రం ఒక అంకె వస్తుంది, అది అతని పేరునే పడుతుంది. బ్యాంకింగ్‌లోకి వెళ్లినవాడికి మొదటి కొన్నేళ్లు తనదంటూ చెప్పుకోవడానికి ఏ అంకే ఉండదు. పైవాళ్ల నమ్మకమే అతని మార్కుల పట్టీ. మారాలా వద్దా అన్నది చివరికి ఈ తేడా మీదే తేలాలని ఈ వ్యాసం వాదన.

ఒకే సంఘటన, రెండు చూపులు

సేల్స్ మనిషి మ్యూచువల్ ఫండ్లు, పెన్షన్ ఫండ్లు, బీమా కంపెనీలతో మాట్లాడి ఆర్డర్లు తెస్తాడు. ట్రేడర్ కొనే ధర, అమ్మే ధర రెండూ చెబుతాడు. ఆ రెంటి మధ్య తేడా బ్యాంకు సంపాదన, కొన్న సరుకు చేతిలో ఉన్నంతసేపూ నష్టభయం. బ్యాంకర్‌కు ఖాతాదారు ఫండ్ కాదు, కంపెనీ. విలీనాలు, కొనుగోళ్లు, ఐపీవోలు, బాండ్ల జారీ అతని పని. నెలల తరబడి చాకిరీ చేసినా ఫీజులో సింహభాగం డీల్ పూర్తయితేనే వస్తుంది.

ఈ తేడా తెలుగువాళ్లకు బాగా తెలిసిన సత్యం కంప్యూటర్స్ వ్యవహారంలో స్పష్టంగా కనిపిస్తుంది. 2008 డిసెంబర్ 16న సత్యం, తన ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను దాదాపు 160 కోట్ల డాలర్లకు కొంటానని ప్రకటించింది. అప్పటికి ముంబై మార్కెట్ మూసేశారు. న్యూయార్క్‌లో షేర్లకు బదులుగా చలామణి అయ్యే సత్యం ఏడీఆర్‌లు సగానికి పైగా పడిపోయాయి. కొన్ని గంటల్లోనే కంపెనీ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంది. లోపల ఏం జరుగుతోందో ట్రేడింగ్ డెస్కులకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ధర పడగొట్టి తీర్పు చెప్పేశాయి.

తరవాత కంపెనీకి సలహాదారుగా వచ్చిన డీఎస్పీ మెరిల్ లించ్, లెక్కల్లో తీవ్రమైన తేడాలు బయటపడ్డాయంటూ తప్పుకుంది. ఆ వెంటనే, 2009 జనవరి 7న, లెక్కలు కల్పితాలని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ లోకానికి తెలిసింది. ఆ ఒక్కరోజే షేరు సుమారు 179 రూపాయల నుంచి 40కి దిగువకు జారింది. ఆ రోజు ట్రేడర్ ముందున్నవి రెండే ప్రశ్నలు: నా దగ్గర ఎన్ని షేర్లున్నాయి, ఎవరు కొంటారు? బ్యాంకర్ల పని మాత్రం అప్పుడే మొదలైంది. ప్రభుత్వం నియమించిన బోర్డు తరఫున గోల్డ్‌మన్ శాక్స్, అవెండస్ సంస్థలు అమ్మకం బాధ్యత తీసుకున్నాయి. నమ్మదగిన లెక్కలే లేని కంపెనీకి వెల కట్టాలి. ఏ ఖాతాదారులు నిలుస్తారు, అమెరికా కోర్టుల్లో దావాలు ఎంతకు తేలతాయి, ఉద్యోగుల్లో ఎంతమంది మిగులుతారు అన్నవే ఆధారాలు. ఏప్రిల్ 13న బిడ్లు తెరిస్తే టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు, ఎల్ అండ్ టీ 45.90 రూపాయలు ఇస్తామన్నాయి. 31 శాతం వాటా సుమారు 1,757 కోట్ల రూపాయలకు టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. ట్రేడర్‌కు ఒక్క పూటలో ముగిసిన కథ బ్యాంకర్లకు మూడు నెలలు పట్టింది.

ఈ రెండు పనుల్లో ఏది గొప్పదన్నది ప్రశ్న కాదు. ధర ఎటు కదులుతుందన్న ఆత్రం ఒక స్వభావం. ఆ ధర వెనక కంపెనీలో ఏముందో తవ్వాలన్న ఓపిక మరో స్వభావం.

వెళ్లిపోవాలని ఎందుకు అనిపిస్తుంది

మొదటి కారణం డెస్కులు చిక్కిపోవడం. 2000లో గోల్డ్‌మన్ శాక్స్ న్యూయార్క్ షేర్ల డెస్కు మీద 600 మంది ట్రేడర్లు ఉండేవారని, 2017 నాటికి ఇద్దరు మిగిలారని ఆ సంస్థ ఉన్నతాధికారే చెప్పాడు. మిగతా పని కంప్యూటర్ల పాలైంది. 2008 సంక్షోభం తరవాత అమెరికా తెచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టంలోని వోల్కర్ నిబంధన, బ్యాంకులు సొంత లాభం కోసం ట్రేడింగ్ చేయడాన్ని అడ్డుకుంది. ఖాతాదారుల కోసం ధరలు చెప్పడం మిగిలింది, సొంత పందేలు పోయాయి. 2012లో యూబీఎస్ బాండ్ల వ్యాపారంలో చాలా భాగం వదులుకుంటూ 10,000 ఉద్యోగాల కోత ప్రకటించింది. 2019 జులైలో డాయిష్ బ్యాంక్ షేర్ల ట్రేడింగ్ నుంచే తప్పుకుంటూ మొత్తమ్మీద 18,000 ఉద్యోగాలు తీసేస్తామంది. ట్రేడింగ్ లాభాల్లో పెద్ద వాటా జేన్ స్ట్రీట్, సిటాడెల్ సెక్యూరిటీస్ వంటి బ్యాంకులు కాని సంస్థలకు తరలింది.

రెండోది, తరవాత తెరుచుకునే దారులు. బ్యాంకింగ్‌లో రెండేళ్లు చేసినవాడికి ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు, కంపెనీల్లో కొనుగోళ్లు చూసే విభాగాలు, స్టార్టప్‌ల ఫైనాన్స్ పదవులు అందుతాయి. ట్రేడర్‌కు హెడ్జ్ ఫండ్లు, సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలు తలుపు తెరుస్తాయి. అవి తక్కువేమీ కాదు గాని సంఖ్య తక్కువ. పైగా చేసిన సరుకును బట్టి దారి ఇరుకవుతుంది. వడ్డీరేట్ల ఆప్షన్లు మాత్రమే తెలిసినవాడికి ఆ ఆప్షన్లు ట్రేడ్ చేసేచోటే పని.

ఈ కారణాలు నిజమే. అయినా వీటి మీదే ఆధారపడి మారితే దూరపు కొండలు నునుపు అన్న సామెతే మిగులుతుంది. రెండు విభాగాలకూ మంచికాలం, చెడ్డకాలం ఉంటాయి, పైగా తరచూ ఒకదానికి మంచికాలమైనప్పుడు రెండోదానికి చెడ్డకాలం వస్తుంది. 2021లో ప్రపంచవ్యాప్తంగా విలీనాలు, కొనుగోళ్లు మొదటిసారి 5 లక్షల కోట్ల డాలర్లు దాటాయి. కుర్ర బ్యాంకర్ల కోసం సంస్థలు ఎగబడ్డాయి. మొదటి ఏడాది అనలిస్టు మూల వేతనం 85,000 డాలర్ల నుంచి లక్షకు, కొన్నిచోట్ల 1,10,000కు చేరింది. మరుసటి ఏడు వడ్డీరేట్లు పెరగగానే డీల్స్ ఎండిపోయాయి. 2022లో గోల్డ్‌మన్ బ్యాంకింగ్ ఫీజులు దాదాపు సగానికి పడిపోగా, అదే సంస్థలో బాండ్లు, కరెన్సీలు, కమోడిటీల ట్రేడింగ్ రాబడి మూడోవంతుకు పైగా పెరిగింది. 2021 చివర్లో ట్రేడింగ్ వదిలి వెళ్లినవాడు, తను వదిలిన డెస్కు రాబడి పెరగడం ఏడాది తిరక్కుండానే చూసివుంటాడు. 2023 జనవరిలో గోల్డ్‌మన్ 3,000 మందికి పైగా ఇంటికి పంపింది. చక్రం ఎక్కడుందో చూసుకుని వృత్తి మార్చడం ఆ చక్రాన్నే ట్రేడ్ చేయడం, పైగా నష్టం ఆపుకునే వీలు లేకుండా.

దగ్గరి తలుపులు

డెస్కు నుంచి నేరుగా విలీనాల విభాగానికి దూకడం కష్టం. మధ్యలో ఉన్న గది క్యాపిటల్ మార్కెట్స్. కంపెనీ షేర్లు, బాండ్లు జారీ చేసేటప్పుడు ఒక చెయ్యి కంపెనీ మీద, మరో చెయ్యి మార్కెట్ మీద వేసి పనిచేసేవాళ్లు వీళ్లు. మార్కెట్ నుంచి వచ్చినవాడికి విలువుండేది ఇక్కడే.

ఒక కంపెనీ పదేళ్ల బాండు తెస్తోందనుకుందాం. ఉదయం ప్రభుత్వ బాండు రాబడి మీద 130 బేసిస్ పాయింట్లు (1.30 శాతం) ఎక్కువ ఇస్తామని మొదటి ధర చెబుతారు. మధ్యాహ్నానికి ఆర్డర్లు జారీ పరిమాణానికి నాలుగింతలు వచ్చాయి. ఇప్పుడు 105కు తగ్గించవచ్చా? తగ్గిస్తే ఎవరు నిలుస్తారు, ఎవరు తప్పుకుంటారు? ఫలానా బీమా కంపెనీ 110 కంటే దిగితే ఉండదని, ఫలానా హెడ్జ్ ఫండ్ వచ్చింది తెల్లారి అమ్మేసుకోవడానికేనని రెండేళ్లుగా వాళ్లతో రోజూ మాట్లాడుతున్నవాడికి తెలుస్తుంది. ఎంత మంచి మోడల్ కట్టినా ఈ సంగతి దొరకదు.

కాబట్టి ఏ డెస్కుకు ఏ తలుపు దగ్గరో చూసుకోవాలి. షేర్ల సేల్స్ వాళ్లకు ఈక్విటీ క్యాపిటల్ మార్కెట్స్, కార్పొరేట్ బాండ్ల వాళ్లకు డెట్ క్యాపిటల్ మార్కెట్స్, తక్కువ రేటింగ్ బాండ్లు, రుణాలు ట్రేడ్ చేసేవాళ్లకు లెవరేజ్డ్ ఫైనాన్స్ దగ్గర. కన్వర్టిబుల్ బాండ్ల డెస్కుకు వాటిని జారీ చేయించే బృందం, దివాలా అంచున ఉన్న కంపెనీల అప్పులు కొని అమ్మేవాళ్లకు రీస్ట్రక్చరింగ్ బృందం దగ్గర. కంపెనీలకు కరెన్సీ, వడ్డీరేట్ల హెడ్జింగ్ అమ్మే సేల్స్‌వాళ్లకు ఒక అనుకూలం ఉంది: వాళ్ల ఖాతాదారు ఇప్పటికే కంపెనీల సీఎఫ్‌వో. అన్నిటికంటే దూరం ప్రభుత్వ బాండ్లు, స్పాట్ కరెన్సీ ట్రేడర్లకే. వాళ్ల రోజువారీ పనిలో కంపెనీ అన్నదే కనిపించదు.

ఈ మధ్య గది గుండా పైకి వెళ్లినవాళ్లున్నారు. గోల్డ్‌మన్ శాక్స్ సీఈవో డేవిడ్ సాలమన్ డ్రెక్సెల్ బర్న్‌హామ్‌లో కమర్షియల్ పేపర్ అమ్మి, జంక్ బాండ్ల వైపు మళ్లి, బేర్ స్టెర్న్స్ మీదుగా 1999లో గోల్డ్‌మన్‌కు వచ్చాడు. 2006 నుంచి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ అధిపతుల్లో ఒకడు, 2018లో సీఈవో. 2024 జనవరి 1న మోర్గాన్ స్టాన్లీ సీఈవో అయిన టెడ్ పిక్ ఇదే గదిని ఎదురు దిశలో దాటాడు, క్యాపిటల్ మార్కెట్స్ నుంచి షేర్ల ట్రేడింగ్ నడిపే స్థానానికి.

భారతదేశంలో ఈ రెండు విభాగాల మధ్య గోడ మొదటినుంచీ పలచనే. 1967లో గ్రిండ్లేస్ బ్యాంక్ ఇక్కడ మర్చంట్ బ్యాంకింగ్ (ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌కు మన దగ్గరి పేరు) మొదలుపెట్టింది. ఆ తరవాతి తరంలో ఎదిగిన డీఎస్పీ, ముంబై షేర్ బ్రోకర్ల కుటుంబం నుంచి వచ్చిందే. ఇప్పటికీ దేశీ సంస్థల్లో ఫండ్లకు షేర్లు అమ్మే బృందం, ఐపీవోలు తెచ్చే బృందం ఒకే రోడ్‌షోలో కలిసి తిరుగుతాయి. ముంబైలో అటునుంచి ఇటు రావడం న్యూయార్క్‌లో కంటే తేలిక. బృందాలు చిన్నవి, ఎవరేమిటో అందరికీ తెలుసు.

గోడ, పరీక్ష, వీసా

విభాగాల మధ్య చట్టం కట్టిన గోడ కూడా ఉంది. బ్యాంకర్‌కు కంపెనీల బయటపడని రహస్యాలు తెలుస్తాయి, ట్రేడర్‌కు తెలియకూడదు. మన దేశంలో 2015 నాటి సెబీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలు ఈ ఏర్పాటును తప్పనిసరి చేశాయి. మారేవాడికి ఇందులో ఒక ఊరట ఉంది. బహిరంగ సమాచారం వైపు నుంచి రహస్య సమాచారం వైపు వెళ్లడం తేలిక, తిరిగి రావడమే చిక్కు. బ్యాంకింగ్‌లో రహస్యాలు మోసినవాణ్ని అవి పాతబడేదాకా డెస్కు మీదికి రానివ్వరు. అంటే "నచ్చకపోతే వెనక్కొస్తాను" అన్న ధీమాకు పెద్ద బలం లేదు.

పరీక్షలు చిన్న అడ్డంకే. అమెరికాలో సేల్స్‌వాళ్లు రాసే సిరీస్ 7 సరిపోదు, బ్యాంకర్లకు 2009 నుంచి సిరీస్ 79 విడిగా ఉంది. మన దగ్గర ఎన్‌ఐఎస్‌ఎం నిర్వహించే మర్చంట్ బ్యాంకింగ్ పరీక్ష ఉంది. కొన్ని వారాల చదువుతో గట్టెక్కవచ్చు.

అమెరికాలో ఉన్న తెలుగు కుర్రవాళ్లకు పెద్ద అడ్డంకి వీసా. చదువయ్యాక ఓపీటీ 12 నెలలు. డిగ్రీ స్టెమ్ జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు. హెచ్-1బీ మీద ఉంటే సంస్థ మారిన ప్రతిసారీ కొత్త యజమాని మళ్లీ దరఖాస్తు చేయాలి. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. అందుకని సొంత బ్యాంకులోనే విభాగం మారడం వీళ్లకు బయటి ఆఫర్ కంటే భద్రం, జీతం ఒక మెట్టు తక్కువైనా సరే. ఉద్యోగం వదిలి ఎంబీఏ చేసి అసోసియేట్‌గా చేరే దారి కూడా ఉంది. రెండేళ్ల కాలం, పెద్ద అప్పు. అంతా పోగేస్తే అది అన్నిటికంటే ఖరీదైన తలుపు. అయితే ట్రేడింగ్‌లో నాలుగేళ్లు దాటినవాడికి తరచూ మిగిలేది అదొక్కటే.

ఏడాది లోపా, మూడేళ్ల తరవాతా?

చేరిన ఆరు నెలలకే మారతాననేవాణ్ని ఎవరూ నమ్మరు. ఎంచుకోవడం రాదేమో అనుకుంటారు. చాలా బ్యాంకుల్లో ఏడాది, ఏడాదిన్నర ఒకేచోట చేశాకే బదిలీకి అడగనిస్తారు. మూడేళ్లు దాటాక మరో సమస్య ఎదురవుతుంది. డెస్కు మీద అసోసియేట్ అయినవాణ్ని బ్యాంకింగ్ అదే హోదాలో తీసుకోదు, ఎందుకంటే ఆ హోదాలో కిందివాళ్ల మోడళ్లు సరిచూడాలి. ఆ పని తనే ఎన్నడూ చేయనివాడు ఎలా సరిచూస్తాడు? కిందికి దిగి అనలిస్టుగా చేరమంటే జీతం, అహం రెండూ అడ్డొస్తాయి. మొత్తానికి ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య కాలం అనువైనది. ఒక ఏడాది సీనియారిటీ పోతుందని ముందే లెక్కేసుకోవాలి.

బ్యాంకింగ్‌లో ఖాళీలు పుట్టే సమయం కూడా తెలిసిందే. ఏడాది మొదట్లో బోనస్‌లు చేతిలో పడగానే, రెండో ఏడాది అనలిస్టులు ప్రైవేట్ ఈక్విటీకి వెళ్లగానే కుర్చీలు ఖాళీ అవుతాయి. కొత్త బ్యాచ్ వేసవి చివర్లో గాని రాదు. ఆ మధ్య నెలల్లో పని తెలిసినవాడెవడైనా చాలు అన్నట్టుంటారు వైస్ ప్రెసిడెంట్లు. అయితే అటువైపు మాట ఖాయమయ్యేలోగా సొంత మేనేజర్‌కు విషయం మూడోమనిషి ద్వారా తెలిస్తే రెంటికీ చెడ్డ రేవడి బతుకవుతుంది. ముందు అటువైపు ఒక సీనియర్ మద్దతు, తరవాత మేనేజర్‌కు స్వయంగా చెప్పడం, ఆఖర్న హెచ్ఆర్. ఈ వరస తప్పకూడదు.

పది రూపాయల ప్రశ్న

ఇంటర్వ్యూలో అడిగే పాత ప్రశ్న ఒకటుంది. "తరుగుదల 10 రూపాయలు పెరిగింది, పన్ను 25 శాతం. మూడు పట్టికల్లో ఏమవుతుంది?" పన్నుకు ముందు లాభం 10 తగ్గుతుంది. పన్ను 2.50 ఆదా అవుతుంది కాబట్టి నికర లాభం 7.50 తగ్గుతుంది. నగదు ప్రవాహంలో ఆ 7.50 తీసి, చేతినుంచి పోని 10 తిరిగి కలిపితే నగదు 2.50 పెరుగుతుంది. బ్యాలెన్స్ షీట్‌లో యంత్రాల విలువ 10 తగ్గి, నగదు 2.50 పెరిగి, ఆస్తులు 7.50 తగ్గుతాయి. అవతలివైపు నిలవ లాభాలు అంతే తగ్గి లెక్క సరిపోతుంది.

ట్రేడర్లు ఇక్కడ తడబడేది తెలివి చాలక కాదు. వాళ్ల బుర్ర ఫలితం మీదికి దూకడానికి అలవాటుపడింది. షేరు పెరుగుతుందా, తగ్గుతుందా అనడిగితే క్షణంలో చెబుతారు. బ్యాంకింగ్ అడిగేది మధ్యలోని మెట్లు. ఆ మెట్లను 80 పేజీల ప్రెజెంటేషన్‌లో ఒక్క దశాంశం తప్పకుండా, రాత్రి రెండింటికి, మూడోసారి మార్చి మళ్లీ రాయగలగాలి.

పని గంటల గురించి దాపరికం అక్కర్లేదు. డెస్కు తెల్లవారుజామునే పిలుస్తుంది గాని సాయంత్రానికి వదులుతుంది, శని ఆదివారాలు మార్కెట్‌కే సెలవు. బ్యాంకింగ్‌లో అలాంటి గంట మోగదు. 2021లో గోల్డ్‌మన్‌లో 13 మంది మొదటి ఏడాది అనలిస్టులు తమలో తాము చేసుకున్న సర్వేలో వారానికి సగటున 95 గంటల పని, రాత్రికి అయిదు గంటల నిద్ర అని తేల్చారు. 2024లో జేపీ మోర్గాన్ చాలా సందర్భాల్లో 80 గంటల పరిమితి పెట్టింది. 80 గంటలే ఊరటగా లెక్కకొచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు.

హైదరాబాద్ నుంచి చూస్తే

జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, యూబీఎస్, 2021 నుంచి గోల్డ్‌మన్ శాక్స్ హైదరాబాద్‌లో పెద్ద కేంద్రాలు నడుపుతున్నాయి. ఇక్కడ ట్రేడ్ సపోర్ట్, ప్రొడక్ట్ కంట్రోల్, మార్కెట్ రిస్క్ పనుల్లో ఉన్నవాళ్లు ఈ వ్యాసంలో చెప్పిన మార్పును తమకు యథాతథంగా అన్వయించుకోకూడదు. వాళ్లు దాటాల్సినవి రెండు గడపలు: సహాయక విభాగం నుంచి ఖాతాదారు ముందుకు, మార్కెట్ల నుంచి డీల్స్‌కు. రెండూ ఒకేసారి దాటినవాళ్లు అరుదు. డీల్ బృందాలకు మోడళ్లు, పోలికల పట్టికలు కట్టిపెట్టే బృందాల్లోకి ముందు మారడం, అక్కడినుంచి ముంబైకో, ఐఎస్‌బీ లాంటి బడి మీదుగానో వెళ్లడం వాస్తవికమైన దారి. నెలకింతని కట్టించుకుని ట్రేడ్ సెటిల్‌మెంట్ నేర్పి, ఇదే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ అని పంపించే కోర్సులు ఈ రెండు గడపల్లో ఒక్కటీ దాటించవు.

ఎవరు వెళ్లాలి

పైకి రావడానికి మారక తప్పదన్న వాదనకు బలం లేదు. లాయిడ్ బ్లాంక్‌ఫైన్ 1982లో జె. ఆరన్ సంస్థలో బంగారం అమ్ముతూ మొదలై 2006లో గోల్డ్‌మన్ సీఈవో అయ్యాడు. మోర్గాన్ స్టాన్లీని నడిపిన జాన్ మాక్ బాండ్ల సేల్స్‌మన్. ఇద్దరూ మార్కెట్ల వైపునుంచే ఎదిగారు.

కనుక తేల్చుకోవడానికి డెస్కు భవిష్యత్తు కంటే, పక్కవాడి బోనస్ కంటే మెరుగైన కొలత ఒకటుంది. గత ఏడాదిలో తనను నిద్రపోనీయకుండా ఆకట్టుకున్నదేమిటో చూసుకోవాలి. ఒక ట్రేడ్ లాభంలో ముగిసిన సాయంత్రాలే గుర్తొస్తే ఉన్నచోటే ఉండి, అవసరమైతే డెస్కు మార్చుకోవడం మంచిది. ట్రేడ్ ముగిశాక కూడా ఆ కంపెనీ వార్షిక నివేదిక తిరగేస్తూ కూర్చున్నవాడు, లాభం తన పేరున పడకపోయినా పట్టించుకోనివాడు వెళ్లాలి, మూడో ఏడు నిండేలోగా వెళ్లాలి. ఏ సంగతీ తేలనివాడు ఒక డీల్‌లో, జారీ ధర తేల్చి షేర్లు, బాండ్లు పంచే సిండికేట్ బృందంతో కలిసి పనిచేసే అవకాశం అడిగి తీసుకుంటే చాలు. బదిలీ కాగితం మీద సంతకం పెట్టకముందే సగం సమాధానం అక్కడ దొరుకుతుంది.